బొమ్మలు వెనక్కి అడిగిన మనిషి

ముందు కోళ్ళు చచ్చాయి. పెరట్లో బట్టలుతికిన నీళ్ళు పోయే కాలవ పక్కన, ఒకదాని వెనక ఒకటి మెడ వాల్చేశాయి. "తెగులమ్మాయ్, కోళ్ళకిది మామూలే" అంది అత్తగారు. కోడలు సరేనంది గానీ, ఆ కాలవ ఒడ్డున గడ్డి కూడా మాడిపోవడం ఆమె చూస్తూనే ఉంది. కోళ్ళ తెగులు గడ్డికెలా వస్తుంది? ఆ మాట పైకి అనలేదు. అంటే మొగుడు నవ్వుతాడు. "మా ఆవిడ గడ్డికి కూడా నాడి చూస్తుంది" అని వీధంతా చెప్పి మరీ నవ్విస్తాడు.

ఆయన అలాంటి మనిషి. ఆయన వీధి మొదట్లో ఉన్నాడంటే చివరింటి వాళ్ళకి తెలిసిపోయేది, నవ్వులు ఒక్కో గుమ్మమే దాటుకుంటూ వచ్చేవి కాబట్టి.

పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసపు పలకల్ని కొలిమిలో కరిగించి, దిమ్మెలు పోసే షెడ్డులో ఆయన పని. తండ్రి పోయేనాటికి ఆయనకింకా మీసాలు సరిగ్గా రాలేదు. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళ బరువు నెత్తిన పడితే, ఎవరూ చేయనన్న పనికి తాను ముందుకెళ్ళాడు. ఆ వేడికి, ఆ ఘాటుకి తట్టుకోలేక జనం వస్తూ పోతూ ఉంటే ఆయన మాత్రం పాతుకుపోయాడు. చెల్లెళ్ళు తమ తమ ఇళ్ళకు వెళ్ళారు. ఇంటికి పెళ్ళాం వచ్చింది, ఒక కూతురు, తర్వాత చాలా ఏళ్ళకి ఒక కొడుకు పుట్టారు. జ్వరం వచ్చినా పని మానేవాడు కాదు. "కొలిమి ఒకసారి చల్లారితే మళ్ళీ రాజుకోవడానికి దానికి బద్ధకం. నాకూ అంతే" అనేవాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కనురెప్పల దాకా బూడిద రంగు పట్టి ఉండేది. కొడుకు గుమ్మంలోనే కాపు కాసేవాడు. వాడికి ఇంట్లో వసపిట్ట అని పేరు, మాటలొచ్చిన రోజు నుంచీ నోరు మూసింది లేదు. "నాన్న వచ్చాడు, నాన్న చెప్పులు వచ్చాయి, నాన్న టోపీ వచ్చింది" అంటూ తండ్రి ఒంటిమీదున్నవన్నీ ఏకరువు పెట్టి, ఒక్క గెంతులో మెడకి చుట్టుకుని, ఆ చొక్కాలో మొహం దాచేసేవాడు. పెద్దమ్మాయి పెద్దరికం మర్చిపోయి నడుం పట్టుకు వేలాడేది.

"ముందు ఒళ్ళు కడుక్కోండి. ఆ మురికితో పిల్లల్నెత్తుకుంటారేమిటి" అనేది ఆమె రోజూ.

"మురికేమిటే? మనింటికి అన్నం పెట్టే దుమ్మిది" అనేవాడాయన, కొడుకుని ఇంకా పైకెత్తి.

ఆ చొక్కాలు ఆమే ఉతికేది. ఎండిన చొక్కా దులిపితే సన్నటి పొడి గాలిలో తేలి, వెలుగులో మెరుస్తూ, వంటింటి గట్టు మీద, మంచినీళ్ళ బిందె మూత మీద వాలేది. చూడ్డానికి అందంగా కూడా ఉండేది.

వీధిలో ఆయన్ని బొమ్మలాయన అనేవారు. షెడ్డులో దిమ్మెలు పోయగా గరిటెకి అంటుకున్న మిగులు సీసం పట్టుకెళ్ళనిచ్చేవారు. సెలవురోజు పొద్దున పెరట్లో కూర్చుని, తడిమట్టిలో అచ్చు నొక్కి, ఇటుకల పొయ్యి మీద ఆ ముక్కల్ని కరిగించి పోసేవాడు. చేప, ఏనుగు, పిల్లి, తోక తెగిన గుర్రం. సీసం కరిగితే పాదరసంలా వణుకుతూ నిగనిగలాడేది. పిల్లలు చుట్టూ గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేవారు. వీధిలో ఏ పిల్లకి పుట్టినరోజన్నా ఆయన చేతి బొమ్మ ఒకటి వెళ్ళాల్సిందే. ఇస్త్రీ బండి అతని కూతురికి పళ్ళు మొలుస్తూ ఒకటే ఏడుపుగా ఉందంటే, దానికోసం నున్నటి కడియం ఒకటి చేసిచ్చాడు. "కొరుక్కోనీ తమ్ముడూ. చల్లగా ఉంటుంది, చిగుళ్ళకి హాయి" అన్నాడు. ఆ పిల్ల దాన్ని నోట్లో పెట్టుకోగానే ఏడుపు ఆపింది. ఇస్త్రీ అతను ఆ పూట ఆయన చొక్కాలన్నీ ఊరికే ఇస్త్రీ చేసి పంపాడు.

కోళ్ళు పోయిన కొన్నాళ్ళకి, ఆ పెరట్లోనే తిరిగే పిల్లి గోడెక్కబోయి జారిపడింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ పడింది. దాని వెనక కాళ్ళు వణుకుతున్నాయి. "ముసలిదైపోయింది పాపం" అంది అత్తగారు. అది ముసలిది కాదు. కిందటేడు వానలప్పుడు పుట్టిన పిల్లి అది. ఆమెకి గుండెలో ఎక్కడో ముల్లు విరిగినట్టయింది. అయినా ఆ ముల్లు ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేకపోయేది.

తర్వాత ఆయన అన్నం దగ్గర మొహం చిట్లించడం మొదలుపెట్టాడు. "కూరలో పంచదార వేశావా?" అనేవాడు. నీళ్ళు కూడా తియ్యగా ఉన్నాయనేవాడు. కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు నొప్పి వచ్చి ముడుచుకు పడుకునేవాడు, పొద్దున్నే మళ్ళీ ఏమీ ఎరగనట్టు షెడ్డుకి బయల్దేరేవాడు. చెప్పిన జోకే మళ్ళీ చెప్పేవాడు. నవ్వు రాకపోతే, ఎందుకు రాలేదా అని అందరి మొహాలూ చూసేవాడు.

ఒకరోజు మజ్జిగ పల్చగా ఉందని కంచం విసిరేశాడు. అది గోడకి తగిలి గింగిరాలు తిరుగుతూ చాలాసేపు మోగింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో అంత చప్పుడు ఎవరూ వినలేదు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఆయన తన చేతి వైపు, అది వేరే ఎవరిదో అయినట్టు చూసుకున్నాడు. "నేనేనా?" అన్నాడు మెల్లగా. లేచి మెతుకులన్నీ తనే ఏరాడు. ఏరుతుంటే మణికట్టు నిలబడలేదు, చెయ్యి వాడిన ఆకులా వేలాడింది. పక్కింటి వాళ్ళేమైనా విన్నారా అని అత్తగారు తలుపు వేసింది.

మర్నాడు ఏదో మాటకి ఆయన పకపకా నవ్వాడు, అదివరకటిలాగే. ఆ నవ్వులో ఆమెకి ఆయన చిగుళ్ళు కనిపించాయి. పళ్ళ మొదట్లో, సిరాతో గీసినట్టు, నల్లగా నీలంగా ఒక గీత.

"పళ్ళు సరిగ్గా తోముకోవట్లేదా ఏమిటి?" అంది.

"ఇంత వయసొచ్చాక పళ్ళు తోముకోవడం నేర్పుతావా?" అని మళ్ళీ నవ్వాడు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అన్నిటికంటే ఆమెని భయపెట్టింది ఇంట్లో పెరిగిన నిశ్శబ్దం. అది ఎప్పుడు మొదలైందో కూడా తెలియలేదు. వసపిట్ట మాటలు తగ్గిపోయాయి. ముందు టోపీ పోయింది, తర్వాత చెప్పులు పోయాయి. "నాన్న వచ్చాడు" అని ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయి, తండ్రి రాగానే ఊరికే చేతులు చాచేవాడు. "మగపిల్లలు అంతేనమ్మా, కొన్నాళ్ళు మాట్లాడి కొన్నాళ్ళు మానేస్తారు" అంది అత్తగారు. ఆ మాట అంటూనే మనవడి పాలిపోయిన మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు గోడ దగ్గర కూర్చుని సున్నం గీకి తినేవాడు. లేకపోతే చేప బొమ్మ చప్పరిస్తూ కూర్చునేవాడు.

ఒక పొద్దున ఆమె వాడికి అన్నం కలుపుతోంది. వాడి కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయి, కాళ్ళు నేలని తన్నాయి. అత్తగారు వాడి చేతిలో పెట్టడానికి తాళంచెవి కోసం పరిగెత్తింది. ఆయన అప్పుడే చెప్పులు వేసుకుంటున్నాడు. అలాగే ఒక కాలికే చెప్పుతో, కొడుకుని భుజాన వేసుకుని, ఆస్పత్రి దాకా పరుగెత్తాడు. ఆమె వెనకాల. దారిలో ఎవరో ఏమైందని అరిచారు. జవాబు చెప్పే ఊపిరి ఇద్దరికీ లేదు.

చిన్న ఆస్పత్రి అది. డాక్టరమ్మ సూది వేసింది, పిల్లవాడు మెల్లగా వదులయ్యాడు. ఆవిడ వాడి కింది కనురెప్ప లాగి చూసింది, పొట్ట నొక్కి చూసింది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసింది. కనురెప్పల అంచున కడిగినా పోని బూడిదని చూసింది.

"ఏం పని చేస్తారు మీరు?"

చెప్పాడు.

"చేతులు ముందుకి చాపండి."

చాపాడు. మణికట్లు రెండూ కిందికి వాలిపోయాయి. నోరు తెరవమంది. తెరిచాడు. ఆవిడ ఆ గీతని చూసింది. ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారని అడిగింది. పిల్లవాడి పిడికిట్లో ఏముందని అడిగింది. అంత మూర్ఛలోనూ వాడు చేప బొమ్మని వదల్లేదు. వేలు వేలూ విడదీసి దాన్ని తీసింది. చేప తల అరిగిపోయి, చిన్న చిన్న పంటిగాట్లు పడి ఉంది.

"ఇదెక్కడిది?"

"నేనే చేశాను" అన్నాడాయన. అప్పటికింకా ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. జీవితాంతం ఆమె మర్చిపోలేకపోయింది ఆ గొంతునే.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, తొందరపడకుండా చెప్పింది. సీసం విషమని. అది బట్టల మీద, జుట్టులో, చేతుల మీద ఇంటికొస్తుందని. పెద్దవాళ్ళ కంటే పిల్లలకి ఎక్కువ పడుతుందని, బుర్రకి పడుతుందని. మందులున్నాయి, వాడదాం అంది. "కానీ ఒంట్లో చేరింది అంత తొందరగా పోదు. ఎముకల్లో ఇల్లు కట్టుకుంటుంది. ఇక మీదట చేరకుండా చూసుకోవడమే మనం చేయగలిగింది."

"వాడు మళ్ళీ మాట్లాడతాడా?" అందామె.

"చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ మాట తర్వాత మరేదైనా వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

పిల్లవాణ్ణి ఆస్పత్రిలోనే ఉంచేశారు. అత్తగారిని వాడి దగ్గర కూర్చోబెట్టి మొగుడూ పెళ్ళాలు ఇంటికొచ్చారు. ఆయన లోపలికి రాలేదు. పెరట్లో బావి దగ్గర నిలబడి, ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకున్నాడు. పెద్దమ్మాయి తువ్వాలు పట్టుకుని దగ్గరికొస్తే, "అక్కడే ఉండు, దగ్గరికి రాకు" అని అరిచాడు. ఆ పిల్లకి ఏమీ అర్థంకాక, తండ్రికి తన మీద ఎందుకు కోపమొచ్చిందో తెలియక, తువ్వాలు నేలమీద పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత ఒక గుడ్డసంచీ తీసుకుని వీధిలోకి బయల్దేరాడు.

ఆమెకి అర్థమైంది. వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఉన్నమాట చెప్పకండి. ఇంతకంటే మంచివి చేసిస్తానని చెప్పి తీసుకోండి. చెబితే మనల్ని వీధిలో ఉండనివ్వరు."

ఆయన నిలబడి ఆలోచించాడు. "మంచివి చేసిస్తానంటే పాతవి దాచుకుంటారే, నా మీద ప్రేమ కొద్దీ" అన్నాడు.

మొదటి ఇల్లు బట్టలు కుట్టే ఆవిడది. "ఇచ్చింది తిరిగి అడుగుతారా అన్నయ్యా, ఎక్కడైనా ఉందా?" అని నవ్వుతూ మిషను ఆపింది. ఆయన చెప్పాడు. ఆవిడ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. లోపలికెళ్ళి ఏనుగుని కొంగుతో పట్టుకుని తెచ్చి సంచీలో పడేసింది. ఆయన గుమ్మం దిగేలోపే పిల్లల్ని పిలిచి చేతులు కడిగించడం వినిపించింది.

అలా గుమ్మం గుమ్మానికీ వెళ్ళాడు. అదివరకు ఆయన వస్తుంటే నవ్వులు ముందు నడిచేవి, ఇప్పుడు కబురు ముందు నడిచింది. ఆయన చేరేసరికి తలుపులు వేసి ఉండేవి, బొమ్మ గడప బయట పెట్టి ఉండేది. ఒక ఇంట్లో పిల్లవాడు గుర్రాన్ని ఇవ్వనని మంచం కింద దూరాడు. వాళ్ళమ్మ కాలు పట్టి ఈడ్చింది. వాడు ఏడుస్తూ "నువ్వు మంచోడివి కాదు మావయ్యా" అన్నాడు. ఆయన తలూపి గుర్రాన్ని సంచీలో వేసుకున్నాడు.

ఇస్త్రీ బండి అతని దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట తడబడుతోంది. ఆమె కొంచెం దూరంలోనే నిలబడింది. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి, మొత్తం విన్నాడు. విని, ఆయన చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకున్నాడు.

"రోజూ నోట్లోనే పెట్టుకుంది అన్నా. రోజూ. పడుకున్నా తియ్యనివ్వలేదు."

ఆయన కాలరు విడిపించుకోలేదు. కొడితే కొట్టించుకుందామన్నట్టు నిలబడ్డాడు. ఇస్త్రీ అతను కొట్టలేదు. చేతులు వదిలేసి, ఇంట్లోకి వెళ్ళి కడియం తెచ్చిచ్చాడు. అది ఒకవైపు గోరంత సన్నమైపోయి ఉంది. ఆ అరిగింది ఎక్కడికి పోయిందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. "పిల్లని ఆస్పత్రికి తీసుకురా తమ్ముడూ, ఇప్పుడే రా, నేనూ వస్తాను" అన్నాడాయన. "నువ్వు రాకు" అన్నాడతను.

ఆ సంచీ మర్నాడు షెడ్డుకి వెళ్ళింది. ఆయన దాన్ని కొలిమిలో కుమ్మరించి, తోటి పనివాళ్ళందరినీ పిలిచి చిగుళ్ళు చూసుకోమన్నాడు. కొందరు నవ్వారు. కొందరు నవ్వుతూనే ఒకరి నోట్లోకి ఒకరు చూసుకున్నారు. స్నానానికి ఒక గది కట్టమని, పనిబట్టలు ఇక్కడే ఉతికించమని యజమానిని అడిగాడు. "ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడు నీకే ఎందుకొచ్చింది?" అన్నాడు యజమాని. ఆయన రెండు చేతులూ ముందుకి చాపి చూపించాడు. యజమాని వాటివైపు చూసి, చూపు తిప్పుకుని, ఒంట్లో బాగోకపోతే మానేయమన్నాడు. ఆయన మానేశాడు.

చెప్పుకోవడానికి తేలిక గానీ, ఆ తర్వాతి రోజులు ఆ ఇల్లు ఎలా గట్టెక్కిందో ఆమెకే తెలుసు. వీధిలో ఎవరూ వాళ్ళ పిల్లల్ని ఆ గుమ్మం వైపు రానివ్వలేదు. ఆమె గోడలు తడిగుడ్డతో తుడిచింది, పరుపులు పారేసింది, పెరటి మట్టి పైపొరంతా ఆయన తవ్విపోశాడు. తర్వాత కూరగాయల బండి పెట్టాడు. మణికట్లు ఆగక, మోచేతులతో బండి తోసేవాడు. బేరానికి వచ్చినవాళ్ళు ముందు ఆయన చేతుల వైపు చూసేవాళ్ళు. అది గమనించి, వాళ్ళ ఎదురుగానే మళ్ళీ ఒకసారి కడుక్కునేవాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొడుకు సాయంత్రం గుమ్మంలో చేతులు చాపి నిలబడేవాడు. ఆయన చేతులు వీపు వెనక కట్టుకుని, వాడికి బారెడు దూరంలో నిలబడిపోయేవాడు. అప్పటికి షెడ్డు ముఖం చూసి చాలాకాలమైంది. ఒంటిమీద దుమ్ము రవ్వ లేదు. "ఎత్తుకోండి, ఏం ఫరవాలేదని డాక్టరమ్మే చెప్పింది" అనేది ఆమె. "కడుక్కొస్తాను" అనేవాడు. కడుక్కుని వచ్చేసరికి వాడు చేతులు దించేసి ఉండేవాడు.

మాటలు వచ్చాయి, కొన్ని. ఒక్కొక్కటే, బరువు మోసుకొచ్చినట్టు వచ్చేవి. బడిలో వాడు తన తోటివాళ్ళు పైతరగతులకి పోతుంటే ఉన్నచోటే ఉండిపోయాడు. పెద్దయ్యాక తండ్రి బండే తోశాడు, ఇప్పటికీ తోస్తున్నాడు. చిల్లర విషయంలో తడబడితే అక్క నేర్పిన చిట్కా గుర్తు తెచ్చుకుంటాడు. అక్కకి చదువు బాగానే వచ్చింది. కానీ ఆమెకి తలనొప్పి వచ్చినప్పుడల్లా తండ్రి మంచం మీద లేచి కూర్చునేవాడు.

వీధి మెల్లగా ఆయన్ని క్షమించింది. జనానికి అంతకాలం కోపం ఉంచుకునే తీరిక ఉండదు, పైగా ఆయన మీద ఉంచుకోవడం ఇంకా కష్టం. ఎవరింట్లో ఎవరికి బాగోకపోయినా ముందు వెళ్ళేది ఆయనే. మళ్ళీ నవ్వించేవాడు కూడా. కానీ ఏ పిల్ల లెక్క తప్పినా, ఏ పిల్లాడు నడుస్తూ తూలినా, మాట మధ్యలో ఆపేసి అటే చూసేవాడు. మూత్రపిండాలు పాడై ఆయన మంచాన పడ్డాక కూడా అదే. ఏదో గుర్తొచ్చి ఉలిక్కిపడి, "వాళ్ళ పిల్ల ఎలా ఉంది?" అనేవాడు. ఎవరి పిల్ల అంటే చెప్పలేకపోయేవాడు. ఒక మధ్యాహ్నం, కొడుకు గ్లాసుతో నీళ్ళు తాగిస్తుండగా పోయాడు.

వీధంతా వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ తన సొంత అన్న పోయినట్టు ఏడ్చింది. సాయంత్రానికి జనం పల్చబడ్డాక ఒక ముసలాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ అతను. ఆ గొడవ జరిగిన కొద్దికాలానికే ఊరి అవతలి వైపుకి మారిపోయాడు. అతని చెయ్యి పట్టుకుని ఒక నడివయసు ఆడమనిషి ఉంది. ఒడ్డూ పొడుగూ పెద్దదానిలా ఉంది, చూపు మాత్రం చిన్నపిల్లది. అందరి వైపూ చూసి నవ్వుతోంది.

ఆ కడియం కొరికిన పిల్ల ఇదేనని ఆమె గుర్తుపట్టింది.

"ఆయన ఏడాదికోసారి నా బండి దగ్గరికి వచ్చేవాడు వదినా" అన్నాడు ఇస్త్రీ అతను. "పిల్ల ఎలా ఉందని అడిగేవాడు. బాగుందనేవాణ్ణి. అత్తారింట్లో ఉందని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పావు?"

"ఆ మొహం చూసి ఇంకేం చెప్పను?" అన్నాడతను. "నేనూ మిమ్మల్ని ఒకటి అడగాలనే వచ్చాను. ఇది ఇలా ఉండిపోయింది దానివల్లేనంటారా? పుట్టుకతోనే ఇంతేమో అంటుంది మా ఆవిడ."

ఆమె ఆ పిల్లని చూసింది. ఏం చెప్పినా ఒకరి నెత్తిన బండ పడేసినట్టే. "నాకు తెలియదు తమ్ముడూ" అంది చివరికి. "ఆయనకీ తెలియలేదు. అది తెలియకే అన్నేళ్ళు నలిగిపోయాడు."

అతను తలాడించి, అరుగు మీద కూలబడ్డాడు. పిల్ల లోపలికి రావాలనుకుంది. చెప్పు పట్టీ ఊడదీయబోయింది, అది ఊడలేదు. బొమ్మలాయన కొడుకు ఇది చూసి, లోపలి నుంచి వచ్చి, ఆ పిల్ల కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని పట్టీ పట్టుకున్నాడు. వాడి వేళ్ళకీ అది లొంగలేదు. ఇద్దరూ తలలు వంచి, ఏదో గొప్ప పని చేస్తున్నట్టు, మాటిమాటికీ మొదటి నుంచి మొదలుపెట్టారు. చాలాసేపే పట్టింది. పెద్దమ్మాయి సాయానికి లేవబోతే, తల్లి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.